'బృందం' అంటే ఎవరు?

పాటల పుస్తకాలు చూసినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. పల్లవికి పైన చిన్న అక్షరాలతో ఉండేది: "గానం: ఘంటసాల, సుశీల, బృందం" అని. ఘంటసాలగారు తెలుసు. సుశీలగారు తెలుసు. మరి ఈ మూడోవారెవరు? ప్రతి రెండో సినిమాలోనూ ఉంటారు, ఒక్క ఫోటోలోనూ కనపడరు!

ఆ మూడోవారిని వెతకాలంటే నేను తిన్నగా మద్రాసు పోవాల్సింది. కానీ ముందు జర్మనీ వెళ్ళొచ్చాను. విమానమెక్కి కాదు లెండి, ఒక సినిమా ఎక్కి!

ఆ సినిమా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. స్టాన్లీ కుబ్రిక్ తీశాడు. 1968లో విడుదలైంది. తెరమీద మొదటి డైలాగు వినపడటానికే దాదాపు పాతిక నిమిషాలు పడుతుంది. మన హాల్లో అయితే ఈలోగా రెండు ఫైట్లు, ఒక డ్యూయెట్టు అయిపోతాయి. ఫిలిం సొసైటీ వాళ్ళు వేస్తే మిత్రుడు లాక్కెళ్ళాడు. వాడు కీబోర్డు వాయిస్తాడు, సినిమాలకి ప్రోగ్రామింగ్ చేస్తాడు. అందులో ఒక సీనుంది. చంద్రుడి మీద బస్సులాంటి వాహనం ఒకటి కొండల మీదుగా తేలుతూ పోతుంటుంది. కింద నీలంగా, చల్లగా నేల. లోపల ముగ్గురు పెద్దమనుషులు శాండ్‌విచ్‌లు తింటూ కబుర్లాడుతుంటారు. అప్పుడు వినపడుతుంది... ఏమని చెప్పను? గాలా? తేనెటీగలా? ఎక్కడో దూరాన గుడిలో జనమా? మొదలెక్కడో తెలీదు, ఏ క్షణాన మారిందో తెలీదు. వెలుతురికి చప్పుడుంటే ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది.

"సింథసైజర్ ప్యాడ్ రా అది. ఇప్పుడే వాయించి చూపిస్తాను" అన్నాడు మిత్రుడు ఇంటర్వెల్లో.

కాదు. అందులో ఒక్క వాద్యం లేదు, ఒక్క మిషను లేదు. ఉన్నది పదహారుమంది మనుషులు. నలుగురు సన్నగొంతు ఆడవాళ్ళు, నలుగురు మందరగొంతు ఆడవాళ్ళు, నలుగురు పైస్థాయి మగవాళ్ళు, నలుగురు కిందిస్థాయి మగవాళ్ళు. పాట పేరు 'లక్స్ ఏటెర్నా'. లాటిన్ భాషలో శాశ్వతమైన వెలుగు అని అర్థం. చనిపోయినవాళ్ళ కోసం చర్చిలో పాడే ప్రార్థనలోని మాటలవి. స్వరపరిచినవాడు గ్యోర్గీ లిగెటి, 1966లో. పాడినవారు 'స్కోలా కంటోరుమ్ స్టుట్‌గార్ట్' అనే బృందం. ఇదిగో, మళ్ళీ అదే మాట వచ్చింది చూశారా? బృందం!

సినిమా చివర టైటిల్స్‌లో ఆ బృందం పేరుంది, నడిపించినాయన క్లీటుస్ గోట్‌వాల్ట్ పేరుంది. పాడిన పదహారుమంది పేర్లు లేవు.

నన్ను పట్టుకున్నది అక్కడే. ఆ తర్వాత వారం రోజులు దొరికిందల్లా విన్నాను, దొరికిందల్లా చదివాను.

గోట్‌వాల్ట్ 1925లో సైలీషియాలో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు పోలండులో ఉంది. యుద్ధంలో సైనికుడిగా పట్టుబడి అమెరికాలో ఖైదీగా ఉన్నాడు. తర్వాత స్టుట్‌గార్ట్ నగరంలో ఒక చర్చిలో సంగీతం చూసే ఉద్యోగం. ఆయన డాక్టరేటు చేసింది అయిదు వందల ఏళ్ళనాటి ఒక సంగీతకర్త మీద. లైబ్రరీలో పాత సంగీతం రాతప్రతులు ముందేసుకుని, ఏది ఏమిటో రాసి పెట్టేవాడు. ఇంకోపక్క రేడియోలో ఉద్యోగం, అక్కడేమో అప్పుడే పుట్టిన కొత్త సంగీతం! పొద్దున తాళపత్రాలు, సాయంత్రం ట్రెండ్ సెట్టర్లు అన్నమాట. 1960లో ఆయన మొదలుపెట్టిన బృందం కూడా అచ్చంగా అలాంటిదే. పదిహేనో శతాబ్దపు పాటలు పాడేది, మొన్న రాసినవీ పాడేది. మధ్యలో నాలుగొందల ఏళ్ళ సంగీతాన్ని చాలావరకు వేరేవాళ్ళకి వదిలేసింది.

ఇదేం చాదస్తం అంటారా? నేనూ అలాగే అనుకుని విన్నాను. వింటే తెలిసింది, చాదస్తం కాదు, లెక్క ఉంది.

మన సినిమా పాటే తీసుకోండి. ముందు ఒక గొంతు. దాని వెనక వయొలిన్లు, తబలా, గిటారు. ఇంకా వెనక కోరస్ వాళ్ళ "ఆ..." అనో "హొయ్" అనో. అంటే పల్లకీలో ఒకరు, మోసేవాళ్ళు పదిమంది. పడమటి దేశాల్లోనూ చాలాకాలం పద్ధతి ఇదే, పైన ఒక రాగం, కింద మోత. అంతకుముందు పదిహేనో శతాబ్దంలో అలా కాదు. యోహానెస్ ఓకెగెమ్ అని ఒకాయన ఉండేవాడు. ఫ్రాన్సు రాజుల దగ్గర కొలువు, 1497లో పోయాడు. ఆయన పాటలో పల్లకీ లేదు. నాలుగు గొంతులుంటే నాలుగూ నడుస్తాయి, నాలుగూ సమానమే. ఒకటి ఆగేచోట ఇంకోటి ఆగదు, అందుకని పాటకి అతుకులు కనపడవు. ఆయనదే ఒక రచనలో రెండేసి గొంతులు ఒకే రాగాన్ని వేరువేరు వేగాల్లో పాడతాయి. సంగీతం మేష్టారు మొదటి కాలం, రెండో కాలం అని నేర్పుతారే, అలాగన్నమాట. కాకపోతే రెండు కాలాలూ ఒకేసారి!

ఇరవయ్యో శతాబ్దంలో పల్లకీ మోత విసుగెత్తిన కొత్తవాళ్ళు మళ్ళీ ఆ పాతాయన దగ్గరికే వెళ్ళారు. లిగెటి తనకి ఓకెగెమ్ దారి చూపాడని చెప్పుకున్నాడు కూడా. కనక ఓకెగెమ్‌ని సరిగ్గా పాడగలిగిన గొంతు లిగెటికీ పనికొస్తుంది. రెంటికీ కావలసిన గుణం ఒక్కటే, స్వరాన్ని వణక్కుండా గీత గీసినట్టు నిలబెట్టడం. మన గమకాల సుఖం ఇక్కడ కుదరదు. ఒక్కరు గొంతు ఊపినా ఆ ఒక్కరే బయటికి కనపడిపోతారు.

లిగెటి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన 1923లో రుమేనియాలో, హంగేరియన్ మాట్లాడే యూదుల ఇంట్లో పుట్టాడు. నాజీల కాలంలో తండ్రినీ తమ్ముణ్ణీ క్యాంపుల్లో పోగొట్టుకున్నాడు. తల్లి ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది. తనచేత వెట్టిచాకిరీ చేయించారు. 1956లో హంగరీలో తిరుగుబాటును అణిచేశాక సరిహద్దు దాటి ఆస్ట్రియా పారిపోయాడు. ఇంతటివాడు చనిపోయినవాళ్ళ కోసం పాట రాస్తే అందులో ఏడుపు ఉంటుందనుకుంటాం. లేదు. పాటను "దూరాన్నించి వస్తున్నట్టు" పాడమని కాగితం మీద రాశాడు. అంతే.

ఆ పాట కట్టిన తీరు తమాషా. ఉత్సవాల రోజుల్లో రెండు వీధుల్లో రెండు మైకులు ఒకే పాట వేస్తే, ఒకటి కాస్త వెనకబడి వినపడుతుంది కదా? అలాంటివి ఎనిమిది మైకులున్నాయనుకోండి. మొదట ఆడవాళ్ళు ఎనిమిదిమందీ ఒకే స్వరం మీద, ఒకరి తర్వాత ఒకరు, వచ్చిన చప్పుడు కాకుండా ప్రవేశిస్తారు. అందరికీ ఇచ్చిన స్వరాల వరస ఒక్కటే. ఎవరు ఎంతసేపు ఏ స్వరం మీద నిలబడాలన్నదే వేరు. కనక కాసేపటికి ఎనిమిదిమందీ ఎనిమిది చోట్ల ఉంటారు, దారి మాత్రం ఒకటే. మనకి వినపడేది దారి కాదు, దారిమీద కమ్మిన మంచు! కొంతదూరం పోయాక కిందిస్థాయి మగవాళ్ళు దొంగగొంతుతో పైకెక్కి ఆడవాళ్ళ ఎత్తున పాడతారు. దాదాపు తొమ్మిది నిమిషాలయ్యాక పాట అయిపోతుంది. అయినా కాగితం మీద ఇంకో ఏడు గడులుంటాయి, ఖాళీగా. ఆ ఏడు గడుల నిశ్శబ్దం కూడా పాడాలి!

ఇక కుబ్రిక్ చేసిన పని. ఆ సినిమాకి అలెక్స్ నార్త్ అనే పెద్ద సంగీత దర్శకుడి చేత సంగీతం చేయించాడు. ఎడిటింగులో తాత్కాలికంగా పెట్టుకున్న రికార్డులే నచ్చేసి, నార్త్ చేసిందంతా పక్కన పడేశాడు. పాపం, నార్త్‌కి ఆ సంగతి సినిమా చూస్తున్నప్పుడు గాని తెలియలేదు! లిగెటి సంగతీ అంతే. తన సంగీతం అంతంత ముక్కలుగా వాడుతున్నారని ఆయనకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కొంత గొడవ జరిగింది, చివరికి ఏదో ముట్టింది. సినిమా మాత్రం ఆయనకి నచ్చింది. కుబ్రిక్ మళ్ళీ 'ది షైనింగ్' లోనూ (1980), 'ఐస్ వైడ్ షట్' లోనూ (1999) ఆయన సంగీతం వాడుకున్నాడు. మీరు 2014 నాటి 'గాడ్జిల్లా' చూసి ఉంటే, సైనికులు విమానంలోంచి మబ్బుల్లోకి దూకే సీనులో జనం గోలపెడుతున్నట్టు వినపడేది కూడా లిగెటి రాసిన కోరసే. '2001' లో ఆ నల్లరాయి కనపడే చాలాచోట్ల వచ్చేది అదే. చాలామంది దాన్ని రాయి చేసే చప్పుడనుకుంటారు! నిజానికి అది ఇరవై వరసలుగా చీలిన జనం "ప్రభూ, కరుణించు" అని పాడటం.

కుబ్రిక్ చేసింది మర్యాద పని కాదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. స్టుట్‌గార్ట్ హాల్లో కొన్ని వందలమంది వినే పాటని ప్రపంచంలో కోట్లమంది చెవుల్లో వేసింది ఆ సినిమాయే. వాళ్ళలో ఎందరికి తాము విన్నది మనుషులని తెలుసు?

ఈ ప్రశ్న పట్టుకునే మద్రాసు వెళ్ళాను.

సాలిగ్రామంలో ఓ చిన్న ఫ్లాటు. ఆవిడకి డెబ్భై దాటాయి. తెనాలి పిల్ల. పదహారేళ్ళకి తల్లిని తోడు తీసుకుని మద్రాసొచ్చి, ఇరవై ఏళ్ళకి పైగా కోరస్ పాడారు. పేరు రాయొద్దన్నారు. "ఇన్నాళ్ళూ లేని పేరు ఇప్పుడెందుకు బాబూ?" అన్నారు నవ్వుతూ.

ఆ రోజుల్లో రికార్డింగంటే అందరూ ఒకే థియేటర్లో. ఒకే టేకు. పదిమంది అమ్మాయిలకి ఒక మైకు. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు, గొంతు గట్టిగా ఉన్నవాళ్ళు రెండడుగులు దూరంగా. పొద్దున తెలుగు, మధ్యాహ్నం తమిళం, రాత్రి కన్నడం. కాల్‌షీటుకి ఇంత అని డబ్బు. ఏడో టేకులో కోరస్ అమ్మాయి దగ్గిందంటే హీరో పాటకూడా మళ్ళీ మొదటికొచ్చేది, థియేటరంతా ఆ పిల్లని చూసేది.

"మా విద్యంతా ఏమిటో తెలుసా? వినపడకుండా పాడటం. గుంపులో నా గొంతు విడిగా వినపడిందా, ఆరోజు నాకు తిట్లే. వినపడలేదా, మళ్ళీ కబురొచ్చేది" అన్నారు.

ఒక సినిమా ఉంది. పేరు చెబితే మీరు ఎగిరి గంతేస్తారు, కాని చెప్పను. అందులో హీరోయిన్ ఇల్లు వదిలి వానలో నడుస్తుంటే వెనకాల హమ్మింగ్. అది ఈవిడ ఒక్కరే చేశారు. కోరస్‌కి పిలిచి, ఆఖరి నిమిషంలో "నువ్వొక్కదానివీ రా అమ్మా" అన్నారట. రికార్డు మీద ప్రధాన గాయని పేరూ, పక్కన 'బృందం' అనీ ఉంది. ఇప్పటికీ టీవీలో ఆ సీనొస్తుంది. మొన్నామధ్య మనవరాలికి చూపించి, "అది నేనే" అన్నారట. ఆ పిల్ల ఫోన్లో వెతికి, "మరి నీ పేరేదీ నానమ్మా?" అందట.

"ఏం చెప్పను? 'బృందం' అని రాశారు చూడు, అది నేనేనన్నాను. నమ్మలేదు" అన్నారు. ఇది చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

కోరస్ పాట నేరుగా వినే కచేరీలు మద్రాసులో లేకపోలేదు. ఎం.బి. శ్రీనివాసన్‌గారని, చిత్తూరులో పుట్టినాయన, మలయాళ సినిమాలకి గొప్ప సంగీతం చేశారు. 1970ల తొలిరోజుల్లో 'మద్రాస్ యూత్ క్వయిర్' పెట్టి కుర్రకారు చేత రకరకాల భారతీయ భాషల్లో బృందగానం పాడించారు. సినిమా సంగీతం వాళ్ళకి సంఘం ఉండాలని తిరిగినవారిలోనూ ఆయన ముఖ్యులు. 1988లో పోయారు. అన్నట్టు, ఆయనా గోట్‌వాల్టూ ఒకే ఏడు, 1925లో పుట్టారు! ఆవిడ ఆయన పేరు వినగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టారు.

ఇప్పుడు కోరస్ కాల్‌షీట్లు బాగా తగ్గిపోయాయి. నా మిత్రుడి కంప్యూటర్లో 'క్వయిర్' అని ఒక ఫోల్డరుంది. మీట నొక్కితే నలభైమంది "ఆ..." అంటారు. ఆ నలభైమంది కూడా ఎక్కడో ఒకరోజు కూర్చుని ఒక్కొక్క స్వరం పాడి ఇచ్చి ఇంటికెళ్ళినవాళ్ళే. ఆ గొంతులు దగ్గవు, అలగవు, భోజనం అడగవు. నా ఫిర్యాదు ఒక్కటే. ఊపిరి కూడా తీసుకోవు.

ఊపిరి మాట ఎందుకొచ్చిందంటే...

ఫోన్లో 'లక్స్ ఏటెర్నా' పెట్టి ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించాను. ఇది ఏమిటో, ఎవరిదో చెప్పలేదు. కళ్ళు మూసుకున్నారు. తొమ్మిది నిమిషాలూ కదల్లేదు. బాగుందంటారో, ఇదేం పాట అంటారో అని చూస్తున్నాను. కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న:

"ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు బాబూ?"

నేను చదివిన పుస్తకాల్లో స్వరాల లెక్కలున్నాయి, గడుల లెక్కలున్నాయి. ఈ ప్రశ్న అడిగినవారు లేరు. పని చేసినవాళ్ళ కళ్ళు వేరు, మనబోటి రాసేవాళ్ళ కళ్ళు వేరు! జవాబు కూడా ఆవిడే చెప్పారు. పక్కమ్మాయి తీసుకున్నప్పుడు నువ్వు తీసుకోకూడదు. మాట మధ్యలో తీసుకోవాలి గాని మాట చివర తీసుకోకూడదు, ఎందుకంటే మాట చివర అందరికీ తీసుకోవాలనిపిస్తుంది. వదిలేటప్పుడు గొంతు సన్నంచేసి జారిపోవాలి, వచ్చేటప్పుడు అంతకన్నా సన్నంగా కలవాలి. "మేం పక్కవాళ్ళ భుజం చూసేవాళ్ళం. భుజం లేచిందంటే అది తీసుకుంటోందని లెక్క. అది దిగాక నేను" అన్నారు. మగవాళ్ళు దొంగగొంతుతో పైకెక్కినచోటు కూడా పట్టేశారు. "ఇక్కడ మగాళ్ళున్నారు, నాజూగ్గా పాడుతున్నారు" అని.

"వీళ్ళకి నెల జీతమా, కాల్‌షీటా?" అన్నది రెండో ప్రశ్న. అదే స్టుట్‌గార్ట్‌లో రేడియోవాళ్ళ బృందం ఒకటుందనీ, 1946 నుంచీ నడుస్తోందనీ, అదీ పాతవీ కొత్తవీ పాడుతుందనీ, అందులోవాళ్ళకి పాడటమే ఉద్యోగమనీ చెప్పాను. "పాడటానికి నెల జీతం!" అని కాసేపు ఊరుకున్నారు. మూడోది నేను ఎదురుచూసిన ప్రశ్నే, పేర్లు వేశారా అని. బృందం పేరూ, నడిపించినాయన పేరూ వేశారన్నాను. "గుంపుకి ఒక పేరుంది కదా! మాకు అదీ లేదు" అన్నారు.

ఇంకో సంగతి చెప్పాను ఆవిడకి. గోట్‌వాల్ట్ తర్వాతి రోజుల్లో ఒక పని పెట్టుకున్నాడు. మాలర్ అని వియన్నా సంగీతకర్త. ఆయన ఒక గొంతు కోసం రాసిన పాట ఉంది, లోకం నన్ను మరిచిపోయింది, నేనూ దాన్ని వదిలేశాను అనే భావం. ఆ పాటని వాద్యాలు తీసేసి, పదహారు గొంతులకి పంచాడు. అంటే పల్లకీలో కూర్చున్నావిణ్ణి దింపి, అందర్నీ కలిపి నడిపించాడు. 1990లో ఆయన బృందం చాలించుకుంది. ఆయన 2023 జనవరిలో పోయాడు. ఆ మాలర్ పాట మాత్రం ఇప్పుడు చాలా దేశాల్లో బృందాలు పాడుతున్నాయి.

అదీ పెట్టాను. సగంలో హెడ్‌ఫోన్ ఒకటి ఎత్తి అడిగారు. "ఇందులో మెయిన్ ఎవరు?"

"ఎవరూ లేరమ్మా."

"అందరూ కోరసేనా?"

"అందరూ కోరసే."

మళ్ళీ తగిలించుకున్నారు. అయిపోగానే, మొదటిది ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఒక వేలు పైకెత్తి, తల కాస్త పక్కకి వంచి, రికార్డింగ్ థియేటర్లో నిలబడ్డట్టే కూర్చున్నారు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వేలు ఠక్కున దించి నా చెయ్యి పట్టుకున్నారు.

"అదిగో... ఆ మూడో అమ్మాయి! తీసేసుకుంది!"